గౌరమ్మ ముగ్గులో అమ్మ స్నానం

మొన్న పక్కింటివాళ్లు కొత్త గోడకు నీళ్లు కొడుతుంటే తడి గోడ వాసన మా వసారా దాకా వచ్చింది. చదువుతున్న పేపరు ఒళ్లో పెట్టుకుని కాసేపు దాన్నే పీల్చాను. నాకు ఆ వాసన గౌరమ్మది. ఆవిడ తాపీ మేస్త్రీ అప్పలస్వామి భార్య. మొగుడు గోడ కడుతుంటే సున్నం కలిపేది, ఇసుక జల్లించేది, మధ్యమధ్య మొగుణ్ణి సరిదిద్దేది. నన్నూ ఒకసారి సరిదిద్దింది. నేను గోడంత తేలిగ్గా లొంగలేదు.

అరవైల చివర నేను శ్రీకాకుళంలో డ్రాయింగు మాస్టారిని. అరసవల్లి వెళ్లే దారిలో మా ఇల్లు. పెరట్లో స్నానానికి తాటాకుల దడి, నిలబడడానికి ఒక బండరాయి, పైన ఆకాశం. వెనకవీధిలో ఎవరో మేడ కట్టాక, ఆకాశంతో పాటు మేడమీది వాళ్లు కూడా కనిపించసాగారు. అమ్మ తెల్లారకముందే గబగబా రెండు చెంబులు పోసుకుని వచ్చేసేది. ఒకనాడు ఆ తొందరలో నాచుపట్టిన రాయి మీద జారిపడింది. మోకాలు వాచింది. "ఇంకోపాలి పడితే నన్ను ఎత్తడానికి నలుగురు కావాల్రా" అని నవ్వింది గాని, అప్పట్నించి స్నానం రోజు విడిచి రోజు అయింది. అంత శుచిగా బతికిన మనిషి అలా అయిపోవడం నేను చూడలేకపోయాను.

సైకిలు కోసం దాచిన డబ్బు తీశాను. ఆదివారమంతా కూర్చుని గదికి ప్లాను గీశాను. అద్దంలాంటి ఎర్రగచ్చు, నడుమెత్తు నీళ్లతొట్టి, షేడింగు వేసిన తలుపు, గోడ మీద ఒక పావురం. ఉన్న డబ్బు గోడలకీ, గచ్చుకీ, తొట్టికీ సరిపోతుంది. పైకప్పు వచ్చే ఏడు చూద్దామనుకున్నాను. మేస్త్రీ "బాగుందండి" అన్నాడు. గౌరమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.

"పావురం ఎవులికి బాబూ?"

"అందానికి."

"మరి గది?"

"అమ్మకి."

"అమ్మగోర్ని అడిగినారేటి?"

అడగలేదు. స్నానం గురించి తల్లిని అడగాలని నాకు తోచలేదు. తోచినా నోరు వచ్చేది కాదు. గౌరమ్మకు ఆ మొహమాటం లేదు. నా కొలతల ప్రకారమే గోడలు వచ్చేచోట ముగ్గు పోసి గీతలు వేసింది. తొట్టి వచ్చేచోట అంతెత్తున ఇటుకలు పేర్చింది. ముగ్గు మధ్య పీట వేసి అమ్మను పిలిచింది.

"బట్టల్తోనే, ఉత్తినే తానం సెయ్యండమ్మా."

అమ్మ సిగ్గుపడుతూనే కూర్చుంది. ఖాళీ చెంబు పట్టుకుని చెయ్యి చాపింది. చెంబు ఇటుకలకు కొట్టుకుని ఆగిపోయింది.

"మాస్టారు బాబు నిలబడి తానం సేత్తారు కావాల," అంది గౌరమ్మ. "ఈ గది ఆరిదే."

అమ్మ నవ్వు ఆపుకోలేక పీట మీద ఊగిపోయింది. లేవబోతూ, పట్టు కోసం గాలిలో చెయ్యి వేసింది. గౌరమ్మ నవ్వు ఆపేసి, ఆ చెయ్యి వెతికినచోట ఒక కర్ర పాతింది.

తొట్టి పోయింది. దాని డబ్బు పైకప్పు పెంకులకు వెళ్లింది. కర్ర పాతినచోట, గోడలో పట్టుకోవడానికి ఒక పాత దూలం ముక్క దిగింది. ఎర్రగచ్చు కోసం మాత్రం నేను పోరాడాను.

"నున్నటి గచ్చు సూడ్డానికి బాగుంటాది బాబూ, నిలబడ్డానికి కాదు" అంటూ, మేస్త్రీ అప్పుడే నునుపు చేసిన తడి గచ్చు మీద గౌరమ్మ కొబ్బరిపుల్లల చీపురు లాగేసింది. సన్నటి గీతలు పడ్డాయి. జీవితమంతా నేను గీసిన గీతల్లో ఏదీ అంత పనికి రాలేదు.

గచ్చు ఆరాక ఒక మిట్టమధ్యాహ్నం అమ్మ వేడినీళ్లతో లోపలికి వెళ్లి గడియ వేసుకుంది. మేడ మీద ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. ఆరేసుకోనీ. భోజనానికి వచ్చిన నేను, ఎంతకీ ఆవిడ రాకపోయేసరికి కంగారుగా పిలిచాను.

"ఉండరా. ఇంకా ఈపు అవనేదు."

"మీరు బడికెళ్లిపోండి బాబూ," అంది గుమ్మంలో కాపలా కూర్చున్న గౌరమ్మ. "అమ్మగోరు సాయంత్రానికి వత్తారు."

నేను వెళ్లలేదు. తూములోంచి సబ్బునురగ అరటిపాదుల్లోకి వస్తూనే ఉంది. చివరికి గడియ చప్పుడైంది. అమ్మ దూలం ముక్క వదిలి, ఎవరి సాయమూ లేకుండా, తడిజుట్టు విరబోసుకుని పట్టపగటి ఎండలోకి నడిచివచ్చింది.

ఇప్పటికీ ఏ పనికైనా నా చెయ్యి ముందు కాగితం మీదికి పోదు. చాలా ఏళ్ల తరవాత మా బడిలో మంచినీళ్ల కుళాయి పెట్టించే పని నాకు అప్పగించారు. ఆరో తరగతిలో అందరికన్నా పొట్టిపిల్లను గోడ దగ్గరికి తీసుకెళ్లి, నీళ్లు తాగమన్నాను.

"నీళ్లేవండీ?" అంది.

"ఉన్నాయనుకో."

ఆ పిల్ల వంగి దోసిలి పట్టింది. ఆ దోసిలికి జానెడు పైన, గోడ మీద సుద్దతో గుర్తు పెట్టాను.