ఎక్కడికని అడగని మరిడమ్మ

మరిడమ్మ ఒడ్డున చేపల బుట్ట దించిందంటే ఆ గొంతు పేట మొత్తానికీ తెలుస్తుంది. కవళ్ల చేపల బేరానికొచ్చిన మగాళ్లు సైతం ఆమెతో మాట పెంచుకోడానికి జంకుతారు. ఎవరినైనా ఏదైనా అడిగేసే ఆ నోటికి ఒక్క మాట మాత్రం బుద్ధెరిగాక రాలేదు. గడప దాటి వెళ్తున్న మనిషిని "ఎక్కడికి?" అని అడగడం. మామూలు ఇళ్లలోనే అది అపశకునం, ఇక సముద్రం మీద బతికే ఇళ్లలో చెప్పాలా!

మనవడు గోవింద్ దగ్గరా అదే పద్ధతి. అల్లుడు గుజరాత్‌లో బోటు పనికి పోతే కూతురు హేమ కూడా వెంట వెళ్లి అక్కడ రొయ్యలు ఒలుస్తోంది. పదిహేడేళ్ల గోవింద్ చిన్నప్పటి నుంచీ అమ్మమ్మ దగ్గరే. వాడు చొక్కా తొడుక్కుంటే ఆమె "దూరమా?" అనేది, వాడు "దగ్గరే" అనేవాడు. అంతటితో సరి. అలా "దగ్గరే" అని వెళ్లిన రోజునే, అరసవల్లిలో ఓ లాడ్జి ముందున్న ఎవరిదో మోటారుసైకిల్ ఎక్కి, కామేష్ అనేవాడితో కలిసి చీపురుపల్లి స్టేషన్ దగ్గర పోలీసులకు దొరికాడు. దగ్గరట, దగ్గర!

శ్రీకాకుళంలో పిల్లల కేసులు చూసే బోర్డువాళ్లు మంచివాళ్లు కాబట్టి సరిపోయింది. మొదటి తప్పని వాడిని హోమ్‌కు పంపకుండా ఏడాది ప్రొబేషన్ మీద వదిలారు. పగలు ఐటీఐకి వెళ్లొచ్చు. మిగతా వేళంతా ఇంటి పట్టునే ఉండాలి. కామేష్ నీడ కూడా తొక్కకూడదు. మాట తప్పితే హోమే. పూచీ ఎవరంటే మరిడమ్మ ముందుకొచ్చి వేలిముద్ర వేసింది.

ప్రొబేషన్ అధికారి జగదీశ్వరి మెత్తని మనిషి. వచ్చినప్పుడల్లా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఇచ్చిన టీ తాగి, అడగాల్సింది మాత్రం వదలకుండా అడుగుతుంది.

"పెద్దమ్మా, వాడు బయల్దేరినప్పుడు ఎక్కడికని అడుగుతున్నారా?"

"ఓలమ్మో! అదేటి మాటమ్మా? ఎల్లేవోడిని అలాగడుగుతారేటి?"

జగదీశ్వరి నవ్వింది. "మా ఇంట్లోనూ అడగరు. కానీ పూచీ పడింది మీరు. వాడెక్కడున్నాడో మీకే తెలీకపోతే రేపు బోర్డు ముందు నేనేం చెప్పను?"

మరిడమ్మ అడిగే బదులు కాపలా మొదలుపెట్టింది. సాయంత్రం బేరం ఎక్కడికక్కడ వదిలేసి, వాడు బస్సు దిగే సరికల్లా గడప మీద కూర్చునేది. "పోలీసోడి ఉజ్జోగం సేస్తన్నావేటే?" అని పక్కింటి లక్ష్మణమ్మ ఎగతాళి. అయినా రోజులు బాగానే గడిచాయి. వాడికి ఇంజన్లంటే ప్రాణం. ఇల్లు కదలకూడదు కాబట్టి పేటలో పాడైన బోటు మోటార్లన్నీ వాళ్ల వాకిట్లోకే వచ్చి పడేవి.

ఒకనాటి సాయంత్రం సందు మొదట్లో హారన్ మోగింది. బెయిలు మీద తిరుగుతున్న కామేష్, కింద తళతళలాడే కొత్త బండి. గోవింద్ చేతికున్న గ్రీజు తుడుచుకుని, ఉతికిన చొక్కా తొడిగాడు. మరిడమ్మ గడప మీద నుంచి లేచి నిలబడింది.

"దూరమా?" అంది.

"దగ్గరే" అన్నాడు వాడు, ఆమె మొహం చూడకుండా.

వాడి కాలొకటి గడప దాటింది. అప్పుడు అరిచింది మరిడమ్మ, వేలం పాడే గొంతుతో.

"ఎక్కడికిరా?"

వీధి వీధంతా ఇటు తిరిగింది. "ఓలమ్మ! అడిగీసినావేటే మరిడీ!" అని లక్ష్మణమ్మ నెత్తి కొట్టుకుంది.

ఆ మాట పడ్డాక ఏ పడవ మనిషీ అడుగు ముందుకెయ్యడు. వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి గానీ మళ్లీ కదలకూడదు. గోవింద్ చదివేది ఐటీఐ అయితేనేం, వాడూ ఆ నీటి ఒడ్డున పుట్టినవాడే. బయట పెట్టిన కాలు లోపలికి లాక్కుని, వచ్చి చాప మీద కూలబడ్డాడు.

"నీళ్లియ్యే" అన్నాడు కోపంగా.

మరిడమ్మ చెంబు అందించింది. వాడు ఒక్కో గుక్కే తాగుతున్నాడు. సందులో హారన్ మోగింది, మళ్లీ మోగింది. ఆ తర్వాత బండి వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది.

"ఎందుకడిగినావు? నాకేటైనా అయితే?"

"అడక్కపోతే ఏటీ అవదేట్రా?" మరిడమ్మ వాడెదురుగా కూర్చుంది. "మీ తాత సూరయ్యని ఒక్కనాడు అడిగినానా? అడక్కుండానే ఏటకి పంపినాను, మరి తిరిగి రాలేదు. ఏ దిక్కుకెల్లినాడో తెలీక, ఎక్కడ ఎతకమని సెప్పాలో తెలీక ఒడ్డు మీద కూకున్నాను. ఇంకోసారి అలాగ కూకోలేన్రా, నా వల్ల కాదు."

వాడు తల దించుకుని చెప్పాడు. "రాజాం తీసుకెల్తానన్నాడే. అక్కడ మరో బండి సూసినాడంట."

మరిడమ్మ తిట్టలేదు, కొట్టలేదు. వాడి తల దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకుంది.

మర్నాడు పొద్దున వాడు ఐటీఐకి తయారయ్యాడు. ఆమె గడప పక్కనే నిలబడింది. అడగాలి, నోరు రావడం లేదు. నిన్న అరిచింది తనేనా అనిపించింది. వీధిలో లక్ష్మణమ్మ చీపురు పట్టుకుని ఊడవడం మానేసి ఇటే చూస్తోంది.

గోవింద్ చెప్పులు వేసుకుని ఆగాడు.

"నువ్వడక్కే అమ్మమ్మా, నానే సెప్తాను. ఐటీఐకి ఎల్తన్నాను. బస్సు దిగి తిన్నగా ఇంటికొచ్చీస్తాను."

ఇన్నేళ్ల బతుకులో గడప దాటుతూ ఆ మాట ఆమెతో చెప్పిన మనిషి లేడు. "ఎల్లిరా నాయనా" అనాలనుకుంది. ఒడ్డంతా వినిపించే ఆ గొంతు పెగల్లేదు. చెయ్యి మాత్రం ఊపింది.