గండి అని రాయని తంతి

1943 వానాకాలంలో నన్ను జహీరాబాద్‌కు బదిలీ చేశారు. హోదా అసిస్టెంట్ పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్. పేరు బారెడున్నా పని రెండు ముక్కల్లో చెప్పవచ్చు. పట్టాలు, వాటి కింద స్లీపర్లనే అడ్డదుంగలు, వాటి కింద కంకర, కంకర కింద మట్టికట్ట, వీటిలో ఎక్కడా ఉండకూడని ఖాళీ లేకుండా చూడడం. ఉండవలసిన ఖాళీ కూడా ఒకటుంది. రెండు పట్టాల అతుకు దగ్గర కాస్త సందు వదలకపోతే ఎండాకాలంలో ఇనుము సాగి పట్టాలు వంకర పోతాయి. జనం మాత్రం నన్ను ‘పట్టాల సాబ్’ అనే పిలిచేవారు. నాకూ అదే బాగుండేది.

దఫ్తరు కాగితాలు ఉర్దూలో నడిచినా సికింద్రాబాద్‌కు కొట్టే తంతి ఇంగ్లీషులోనే ఉండాలి. అందుకని చేరిన వారంలోనే మా పై ఇన్‌స్పెక్టరు నన్ను కూర్చోబెట్టి ఖాళీలకున్న ఇంగ్లీషు మాటలన్నీ అప్పజెప్పించుకున్నారు. అతుకు దగ్గరి సందు ‘గ్యాప్’. పట్టాలో పగులు ‘క్రాక్’. పందికొక్కులు కట్టకు పెట్టే బొక్క ‘హోల్’. పైకి అంతా బాగానే కనిపిస్తూ స్లీపర్ల కింద డొల్లగా ఉంటే ‘వాయిడ్’. కట్టే తెగిపోతే ‘బ్రీచ్’, అంటే గండి. ప్రతి మాటకూ ఒక హుకుం సిద్ధంగా ఉండేది. గండి అన్న మాట పైకి చేరిందంటే ఇంజనీరు స్వయంగా వచ్చి చూసేదాకా ఒక్క బండీ కదలకూడదు.

“అనుమానమొస్తే పెద్ద మాటే రాయి. పెద్ద మాట రాసి నౌకరి పోగొట్టుకున్నోడు ఇంతవరకు లేడు” అని కూడా ఆయన చెప్పారు. మంచి సలహాగానే తోచింది. శ్రావణమాసం దాకా.

మా లైనులో మాణిక్యప్ప అనే గ్యాంగు మేస్త్రీ ఉండేవాడు. న్యాల్‌కల్ దిక్కు మనిషి. కోపమొస్తే కన్నడం, సంతోషమొస్తే తెలుగు మాట్లాడేవాడు. ఆ శ్రావణంలో జహీరాబాద్‌లోని రైల్వే క్వార్టర్ల ముందు పందిరి వేసి కూతురి పెళ్లి పెట్టుకున్నాడు. అల్లుడిది బీదర్. మగపెళ్లివారు పొద్దుటి ప్యాసింజరులో దిగాలి, లగ్నం మధ్యాహ్నం. అది దాటితే కార్తీకం దాకా మంచి లగ్నం లేదని ముహూర్తం పెట్టిన అయ్యగారు ముందే హెచ్చరించారు.

పెళ్లి ముందు రాత్రి కుండపోతగా కురిసింది. మేస్త్రీకి ఆ రోజు సెలవు. అయినా అల్లుడు వచ్చే దారి కదా అని తెల్లవారగానే లైను మీద నడుచుకుంటూ వెళ్లాడు. కొత్త ధోవతి కట్టాడు గానీ భుజాన జెండాల సంచి వదల్లేదు. మూడు మైళ్లు పోయాక, కట్ట కింద నీళ్లు పోయే ఒక మోరీ పక్కన కంకర జారిపోయి, స్లీపర్లు కొన్ని పట్టాలకు వేలాడుతూ కనిపించాయి. ఇంకొంచెం ముందుకు పోయి పట్టాకు పటాసులు బిగించాడు. ఇవి చిన్న రేకు డబ్బీలు. ఇంజను చక్రం ఎక్కగానే ఫెళ్లున పేలి డ్రైవరును హెచ్చరిస్తాయి. తరువాత ఎర్రజెండా పట్టుకుని నిలబడి, చేనుకు పోతున్న ఒక రైతుతో నాకు కబురు పంపాడు. తన వియ్యాలవారు వస్తున్న బండిని తానే ఆపాడన్నమాట.

నేను ట్రాలీ మీద అక్కడికి చేరేసరికి దూరం నుంచే బ్యాండు మేళం వినిపించింది. నాకేమీ అర్థం కాలేదు. తీరా చూస్తే, పటాసులు పేలగానే ఆడపెళ్లివారు పటాకులు కాల్చి స్వాగతం చెబుతున్నారనుకుని, మగపెళ్లివారు బండిలోనే మేళం మొదలుపెట్టారు. డ్రైవరు తల పట్టుకుని కూర్చున్నాడు.

మాణిక్యప్ప మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. “సాబ్, గండి అని రాస్తరా?” అని అడిగాడు. రాయొద్దని అనలేదు. గండి అని రాస్తే బండి వెనక స్టేషనుకు మళ్లిపోవాలి. ప్రయాణికులను నడుమ దింపి వదిలేయకూడదు. అక్కడి నుంచి బండ్లు కట్టుకుని ఆ నల్లరేగడి బురదలో వస్తే చీకటి పడుతుంది.

మోకాలి లోతు నీళ్లలో మోరీలోకి దిగాను. స్లీపర్ల కింది డొల్లలోకి భుజం దాకా చెయ్యి పెట్టాను. గడ్డపారతో పొడిచి చూశాను. కంకర, పై మట్టి పోయాయి. అడుగున మొరం గట్టిగా ఉంది, మోరీ రాతికట్టులో పగులు లేదు. మరోసారి చెయ్యి పెట్టి చూసి పైకొచ్చాను. తంతి కాగితం మీద ‘వాయిడ్’ అని రాసి సంతకం చేసి, ట్రాలీవాడి చేతికిచ్చి స్టేషనుకు పంపాను.

వాయిడ్ అయితే పద్ధతి వేరు. డొల్లను రాళ్లతో కూరి, కంకర దట్టించి, ముందు ఇంజనును ఒంటరిగా దాటించాలి. అది సరిగా దాటితే మనిషి ముందు నడుస్తుండగా బండిని నడక వేగంతో తేవచ్చు. వానాకాలం అవసరానికని పోసి ఉంచిన రాళ్లకుప్ప పక్కనే ఉంది. లేనిది మనుషులు. సగం గ్యాంగు పెళ్లి వంటల దగ్గరుంది, వచ్చిన సగం కొత్త రుమాళ్లు చుట్టుకుని వచ్చింది. నేను బండి వైపు చూశాను. గార్డు ఖాదర్ సాబ్ నా చూపు కనిపెట్టాడు.

“బారాతీలను పనికి పెడ్తరా ఏంది సాబ్? కాయిదా ఒప్పుతదా?”

ఆపదలో అందుబాటులో ఉన్న మనుషులను కూలికి పెట్టుకోవచ్చని కాయిదాలో ఉందనీ, పెళ్లివారు తప్ప అని ఎక్కడా లేదనీ చెప్పాను. ఆయన నవ్వి తానే కోటు విప్పాడు.

మా వైపు పెళ్లిళ్లలో ఎదురుకోళ్లని ఒక వేడుక ఉంది. రెండు పక్షాలూ ఎదురెదురుగా నిలబడి, మీరు రండంటే మీరు రండని బెట్టు చేస్తూ ఎగతాళి చేసుకుంటారు. ఆ రోజు ఎదురుకోళ్లు మోరీ దగ్గరే జరిగాయి. డొల్లకు ఆ పక్క మగపెళ్లివారు, ఈ పక్క మా గ్యాంగు, చేతి నుంచి చేతికి రాళ్లు.

“పిల్లనిస్తమని పిలిచి తొవ్వ గూడ మాతోనే ఏపిస్తున్రా?” అన్నాడు పెళ్లికొడుకు మేనమామ.

“మీ పిలగాడు ఎంత బరువుంటడో ఏమో, జర గట్టిగ ఏసుకోన్రి!” అన్నారు మావాళ్లు.

పెళ్లికొడుకు మాత్రం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. పసుపు బట్టలతో రాళ్లు మోయనివ్వనని వాళ్ల అమ్మ రెక్క పట్టుకుంది.

ఇంజను ఒంటరిగా దాటి, మళ్లీ వెనక్కి వచ్చింది. నేను కింద కూర్చుని స్లీపర్లనే చూశాను. ఒక్కటీ కుంగలేదు. ఇంజనును తిరిగి పెట్టెలకు తగిలించాక మాణిక్యప్ప ఎర్రజెండా చుట్టేసి, పచ్చజెండా విప్పి, బండి ముందు నడవడం మొదలుపెట్టాడు. ఆ వేగం చూసి మేనమామ తలుపులోంచి కేక పెట్టాడు.

“బావా, జర జల్ది నడువు! లగ్నం దాటిపోతది!”

“నడక అంటె నడకనే బావా,” అన్నాడు మాణిక్యప్ప వెనక్కి తిరగకుండా. “పిల్ల తండ్రిని. ఎదురొచ్చి తోలుకపోయేది నేనే గద!”

వెనక ఇంజను, దాని వెనక బ్యాండు మేళం. ముప్పై ఏళ్ల నౌకరిలో ఇంత సంతోషంగా నేను ఏ బండినీ దాటించలేదు. మోరీ దాటాక డ్రైవరు అతన్ని ఇంజనులోకి లాక్కుని, పోగొట్టుకున్న సమయాన్ని రాబట్టాడు. అక్షింతలు లగ్నానికే పడ్డాయి.

మర్నాడు ఇంజనీరు గారు వచ్చి మోరీ చూశారు. తంతిలో మాట సరిగానే ఉందన్నారు. పెళ్లి లడ్డూలు ఏమైనా మిగిలాయా అని అడిగారు.

ఖాళీకి పేరు బల్ల దగ్గర కూర్చుని పెట్టేది కాదని ఆ రోజు తెలిసింది. ఆ తరువాత రెండుసార్లు నేను గండి అనే రాశాను. ఆ రెండుసార్లూ భుజం దాకా తడిసిన చేత్తోనే రాశాను.