తలుపుకు అడ్డంగా మంచం

"అప్పులేమన్న ఉన్నయా అమ్మా?" అని బ్యాంకు సారు అడిగితే, "రూపాయి లేదు సారూ" అని గొప్పగా చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన కంప్యూటర్ వైపు చూసి పెదవి విరిచాడు.

"ఇంతకుముందు ఎప్పుడన్న తీసుకున్నరా? బంగారం మీద? ఫోను కిస్తీల మీద?"

"లేదు సారూ. మా ఇంట్ల ఎవ్వరికీ ఆ అలవాటే లేదు."

"గదే కదమ్మా పరేషాని. మీకు స్కోరే లేదు. తీసుకుని కట్టినట్టు కనబడితేనే కదా, మీరు కడతరని మాకు తెలిసేది."

నాకు తల తిరిగింది. "అంటే ఏంది సారూ, అప్పు లేనోళ్ళకు అప్పియ్యరా?"

మా ఆయన బల్ల కింద నా కాలు తొక్కాడు. నాకు నోరు ఎక్కువని ఆయన బెంగ. ఆ నోటి వల్లే మహిళా సంఘంలో కూడా ఇమడలేకపోయాను. ఒకామె కిస్తీ ఎగ్గొడితే అందరూ కట్టాలన్నారని గొడవపడి బయటికొచ్చేశాను. అందులోనే ఉండి ఉంటే ఆ స్కోరేదో నాకూ ఉండేదట. గొడవ పడకపోతే మార్కులు పడతాయని ఎవరికి తెలుసు?

మేము గద్వాలలో చీరలు నేసేవాళ్ళం. పట్టూ నూలూ చీరల సేటు ఇస్తాడు. నేసి ఇస్తే కూలి చేతిలో పెడతాడు. జీతం కాగితం లాంటిదేమీ మాకుండదు. మాది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంత అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వదిలి, అడుగున ఉన్న కర్రలు తొక్కుతూ నేస్తాం. నూలు చీరకు పట్టు అంచు కలపాలి కాబట్టి ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి, ఒకరు చీర, ఒకరు అంచు. ఆ ఇద్దరం నేనూ మా ఆయనా. ఒకప్పుడు ఆయన పక్కన మా అత్త నేసేదట గాని, నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే మోకాళ్ళ నొప్పులని గుంతలోంచి పైకి వచ్చేసింది.

సొంత ఇల్లున్న వాళ్ళకు గుంత ఒక లెక్క కాదు. కిరాయి ఇంట్లో ఉన్నవాళ్ళకు అదే పెద్ద సమస్య. ఏ ఓనరైనా మొదట అడిగేది, "మగ్గం ఉందా?" అని. ఉందంటే ఇల్లు లేదు. నున్నగా పరిచిన బండలు పీకి గుంత తవ్వుతామంటే ఎవడు ఒప్పుకుంటాడు? అందుకని లేదంటాం. చేరిన తర్వాత నిదానంగా బండలు లేపి తవ్వుకుంటాం.

మా ఓనరు ఉండేది వనపర్తిలో. కిరాయి ఫోనులోనే వేస్తాం కాబట్టి ఎప్పుడో గాని రాడు. వచ్చేముందు "బస్సెక్కిన" అని చెప్తాడు, పాపం. ఆ ఫోను రాగానే మా ఇంట్లో నాటకం మొదలయ్యేది. మగ్గం ఉన్న లోపలి గది తలుపు మూసేవాళ్ళం. తలుపుకు అడ్డంగా మంచం వేసేవాళ్ళం. మంచం మీద అత్త దుప్పటి కప్పుకుని పడుకుని మూలిగేది. నేను నుదుటి మీద తడిగుడ్డ వేసేదాన్ని. జబ్బుతో ఉన్న ముసలామెను లేపి లోపలికి పోవడానికి ఎవరికి మనసొస్తుంది? ఆయన గడప దగ్గరే నిలబడి, "దవాఖానకు తీస్కపోతున్నరా అమ్మా?" అని అడిగి, గోడలు చూసుకుని వెళ్ళిపోయేవాడు.

అంతా సాఫీగా సాగుతుండగా, ఎండాకాలంలో ఇల్లంతా టైల్స్ వేయిస్తానని ఫోనులో చెప్పాడు. లోపలి గదికి కూడా. టైల్స్ వేయడానికి ఆ తలుపు తీస్తే గుంత బయటపడుతుంది. అయిజ పోయే దారిలో ఊరి చివర మాకు కాస్త జాగా ఉంది. అందులో ఒక గదైనా లేపి సొంత గుంత తవ్వుకోవాలి. లేకపోతే మగ్గం విప్పి మూలన పెట్టి, పత్తి చేలల్లో కూలికి పోవాలి. బ్యాంకు మెట్లెక్కింది అందుకే.

సారు చాలాసేపు ఆలోచించి, "కాగితాలు లేనోళ్ళకు ఒక తొవ్వ ఉందమ్మా" అన్నాడు. "మా మనిషి నాగర్‌కర్నూలు నుంచి వచ్చి మీ ఇల్లు చూసిపోతడు. ఆయన మంచిగ రాస్తే నేను ముందటికి పంపుత."

ఇల్లు చూడటానికి ఒక మనిషి వస్తాడు. మా చెవిన పడింది ఆ మాటే.

ఆ మనిషి ఒక పొద్దున ఫోను చేసి, "బీచుపల్లి దాటిన, వస్తున్న" అన్నాడు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. మా ఆయన తలుపు మూశాడు, నేను మంచం లాగాను, అత్త దుప్పటి కప్పుకుంది. ఆయన వచ్చాడు. నడివయసు మనిషి, ఎండకు కమిలిన ముఖం. కుర్చీ వేసి చాయ్ ఇచ్చాను.

"ఏం పని చేస్తరు?"

"చీరలు నేస్తం సార్," అన్నాడు మా ఆయన.

"మగ్గం ఏది మరి?"

మా ఆయన "అయిజల ఉంది" అన్నాడు. ఆయన నోరు మూయకముందే నేను "రాజోలిల ఉంది" అన్నాను. మంచం మీద మూలుగు ఒక్క క్షణం ఆగి, ఇంకా గట్టిగా మొదలైంది.

"అయిజలనా, రాజోలిలనా?"

"రెండు తాన్ల ఉంది సార్," అన్నాడు మా ఆయన చెమటలు తుడుచుకుంటూ.

"ముసలమ్మకేమైంది?"

"పాణం బాగలేదు సార్. శానా దినాల సంది గిట్లనే," అన్నాను. జాలిపడి లోను తొందరగా ఇప్పిస్తాడని నా ఆశ. ఆయన అది కూడా రాసుకున్నాడు. మంచాన్ని ఫోటో తీసుకుని పోయాడు.

ఆయన బండి సందు దాటగానే అత్త లేచి కూర్చుని, "ఎట్ల మూల్గిన?" అంది.

"మస్తు మూల్గినవత్తా," అన్నాను. గండం గడిచిందని ఆ పూట సేమ్యా పాయసం వండాను కూడా.

మళ్ళీ బ్యాంకుకు పోతే సారు తల అడ్డంగా ఊపాడు. "వాపసొచ్చిందమ్మా. మగ్గం లేదు, పని కనబడలే, ఇంట్ల మంచం పట్టిన మనిషి ఉంది అని రాసిండు."

"మగ్గం ఉంది సారూ!"

"ఉంటే ఎందుకు చూపియ్యలే?"

"దాచినం."

"ఎందుకు దాచిన్రు?"

"ఇల్లు చూడనీకి వస్తడంటిరి కదా!" అని నేనే ఎదురు కోప్పడ్డాను.

ఆయన పెన్ను కింద పెట్టి మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అమ్మా, ఆయనొచ్చేదే ఆ మగ్గం చూడనీకి."

"మరి గట్ల ముందుగాలనే చెప్పొద్దా?"

చివరికి ఆయనకే జాలి కలిగిందో, మా పోరు పడలేకపోయాడో, ఇంకోసారి పంపిస్తానన్నాడు. "ఈసారి ఇంటి ఓనరును గూడ పిలిపియ్యుర్రి. మీరు ఎన్నేండ్ల సంది ఉంటున్నరో ఆయన నోటితోని చెప్పాలె."

మగ్గం చూపిస్తేనే లోను. ఓనరు ఉంటేనే లోను. ఓనరు ఉంటే మగ్గం చూపించకూడదు. దీన్ని ఎటు నుంచి పట్టుకోవాలో తెలియక ఇంటికొచ్చేదాకా మా ఆయనను తిట్టాను. దేనికి తిట్టానో నాకే తెలియదు, ఆయనా అడగలేదు. ఇంటికి చేరాక ఆయన ఒక ఉపాయం చెప్పాడు, ఓనరును చాయ్ హోటలుకు తీసుకుపోయి ఆలోగా మగ్గం చూపిద్దామని. "మరి ఆయన చెప్పాల్సింది చాయ్ హోటల్ల చెప్తడా?" అన్నాను. మా అత్త అంతా విని, మంచం నిలబెట్టి గోడకు ఆనించింది.

"నేనిగ పండుకోను," అంది.

"అత్తా, ఈ ఒక్కపారికి..."

"పండుకోనంటి కదా! మూల్గి మూల్గి నిద్రల గూడ మూల్గుతున్న. మంచిగున్న మనిషిని, పీనుగు తీరుగ ఇంకెన్ని దినాలు పండుకోవాలె? చూస్తే చూడనీ." ఆమె కళ్ళలో నీళ్ళు చూసి మా ఆయన ఆ మంచాన్ని బయటికి మోసుకుపోయాడు.

ఆ రోజు ఓనరూ బ్యాంకు మనిషీ ఒకరి వెనక ఒకరు వచ్చారు. లోపలి తలుపు బార్లా తెరిచి ఉంది. మగ్గం ఆడుతున్న చప్పుడు. మా ఆయన బయటే ఉన్నాడు, నేనూ బయటే ఉన్నాను. తొంగి చూస్తే గుంతలో అత్త కూర్చుని ఉంది.

"ఈమెకు పాణం బాగలేదంటిరి?" అన్నాడు బ్యాంకు మనిషి.

"తగ్గింది," అంది అత్త తల ఎత్తకుండా.

ఓనరు ముఖం ఎర్రబడింది. "నా బండలు! మగ్గం లేదని చెప్పి ఇంట్ల చేరినరు కదమ్మా! ఖాళీ చెయ్యుర్రి. ఈ నెల దాటొద్దు!"

"సార్, వీళ్ళెన్నేండ్ల సంది ఉంటున్నరు?" అని బ్యాంకు మనిషి తన పనిలో తానున్నాడు. ఓనరు అరుస్తూనే చెప్పాడు. "కిరాయి సరిగ్గ కడతరా?" అంటే, "కిరాయికేం, ఒక్కనెల ఆపలే! గని చూడుర్రి నా బండలు!" అన్నాడు. బ్యాంకు మనిషి అంతా రాసుకుని, మగ్గాన్ని నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసుకుని, బాగుందని చెప్పి పోయాడు. ఒక్క పూటలోనే కొత్త ఇంటికి దారి దొరికింది, ఉన్న ఇల్లు పోయింది.

అప్పుడు అత్త, అడ్డపోగును అటూ ఇటూ లాక్కుపోయే నాడె ఆపింది. "సారూ, తప్పయింది. గని పడుగు మగ్గం మీదుంది. మధ్యల కోస్తే అచ్చిరాదు. ఈ పడుగు ఒడిసిన తెల్లారి ఒక్క గడియ గూడ ఉండం."

మా వీధిలో ఇళ్ళున్న ఎవరికైనా ఈ కట్టుబాటు తెలుసు. మగ్గానికి ఎక్కించిన నిలువు పోగులను, అంటే పడుగును, చీర పూర్తికాకుండా కోయరు. ఓనరు కాసేపు బండల వైపు, కాసేపు ఆమె వైపు చూశాడు. "పడుగు అయ్యేదాంక. గంతే," అని చెప్పులేసుకున్నాడు.

అత్త పట్టుబట్టడంతో ఆ మర్నాటి నుంచి మా ఆయన ఇంకొకరి మగ్గం మీద కూలికి పోయాడు. "ఈ పడుగు నేనే నేస్త," అని అత్త ఆయన చోటులో కూర్చుంది. అంచు నాడె వేయడానికి నేను పక్కన. దేవుడా, ఆమె నేత! నాడె ఒకసారి విసరడం, ఆకువక్క నమలడం. పోగు సరిచూడటం, మోకాలు రుద్దుకోవడం. చీర మధ్యలో చిన్న మచ్చ కనిపిస్తే నేసినదంతా విప్పడం. నాకు ఒళ్ళు మండిపోయేది.

"గిట్ల నేస్తే సేటు పట్టు వాపసు తీస్కపోతడత్తా. నువ్వు లెయ్యి. ఆయననే కూసుంటడు."

"తొందరపడితే అంచు గుంజుకుంటది. నీ పని చూస్కో."

బ్యాంకు వాళ్ళదీ అదే నడక. ఇంటి ప్లానుకు పంచాయతీ ముద్ర కావాలన్నారు. అది తెస్తే, ఆధార్‌లో నా ఇంటిపేరు పుట్టింటిది, జాగా కాగితంలో అత్తింటిది, ఇద్దరూ ఒకరేనని రుజువు కావాలన్నారు. నేనే నేనని చెప్పించుకోవడానికి మా పుట్టిల్లు ఖిల్లా ఘణపూర్ పోయి ఆఫీసు ముందు ఎండలో కూర్చున్నాను. అక్కడి మనిషి "నువ్వెవరమ్మా?" అని అడిగితే ఏ పేరు చెప్పాలో తెలియలేదు. అన్నీ ఇచ్చాక లోను మంజూరై మొదటి విడత డబ్బు పడింది, గోడలు లేవడం మొదలైంది. అత్త మాత్రం రోజూ ఒకటే అడిగేది: "గుంత తవ్విన్రా?"

ఎండలు ముదిరాక ఓనరు వచ్చాడు. "ఇంకెంతుందవ్వా?"

"ఇగో సారూ, గింతే."

ఇంకోసారి వచ్చాడు. అప్పుడూ గింతే. చీర మీద నెమలి కిందటిసారి ఎక్కడుందో ఇంచుమించు అక్కడే ఉంది. ఆయన నెమలిని చూశాడు, అత్తను చూశాడు. "టైల్స్ మేస్త్రీ గూడ దొరుకుతలేడు లే," అని చాయ్ కూడా తాగకుండా పోయాడు. ఆయనకు అర్థమైందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం అప్పటికీ అర్థం కాలేదు. ముసలిదైపోయింది, చెయ్యి ఆడటం లేదని మా ఆయనతో చెప్పి విసుక్కున్నాను.

కొత్త ఇంట్లో మగ్గం గది మీద రేకులు పడిన రోజు నేనే పరుగెత్తుకొచ్చి చెప్పాను. "అత్తా, గుంత అయింది. పైన రేకులు గూడ పడ్డయి!"

"వాన పడితే తడవదు కదా?"

"తడవదు."

అత్త బయటికి పోయి నోట్లో ఉన్న ఆకువక్క ఉమ్మేసి వచ్చింది. కొంగు బిగించి గుంతలో కూర్చుంది. తర్వాత నాడె నా కంటికి ఆనలేదు. అంచు నాడె అందుకోలేక నేను వెనకబడిపోతుంటే, "ఏమే, నిద్రపోతున్నవా?" అని గదమాయించింది. మా ఆయనతో కలిసి నేను ఎన్నడూ అంత వేగంగా నేయలేదు. నెలల తరబడి కదలని చీర వారం తిరక్కుండా దిగింది.

చీర కోసి మడత పెట్టాక, పైకి లేపడానికి చెయ్యి అందించాను. ఆమె నా చెయ్యి పట్టుకోలేదు. గుంత అంచున అరచెయ్యి ఆనించి ఒక్క ఊపున పైకి వచ్చేసింది.

"అత్తా, నీ మోకాళ్ళు...?"

"మోకాళ్ళకేమైందే? గుంతల ఇద్దరికే కదా జాగా. నువ్వొస్తివి."

తిట్టాలనిపించింది, కాళ్ళు పట్టుకోవాలనిపించింది. రెండూ చేయలేక మా ఆయనకు ఫోను చేసి, కొత్త ఇంట్లో ఆ గుంత పక్కనే ఇంకో గుంత తవ్వమన్నాను. ఎందుకని ఆయన అడుగుతున్నాడు. ఏడుపు ఆగక నేను చెప్పలేకపోయాను.