మదర్ గారు తియ్యని తలుపు

సబ్బవరం దారిలో మా ఇంటి పక్కనున్న కన్యాస్త్రీల మఠంలో మొన్న ఉదయం గంట వేళకాని వేళ మోగింది. పెద్ద మదర్ గారు పోయారని పాలవాడు చెప్పాడు. ఇన్నేళ్ల పొరుగులో ఆమె ముఖం నేనెన్నడూ చూడలేదు. అతిథుల గదిలో ఊచలు, వాటి అవతల నల్ల తెర, ఆ తెర వెనక గోదావరి వైపు మాట. నాకు తెలిసిన మదర్ గారు అంతే.

వాళ్లు బడులు, ఆసుపత్రులు నడిపే సిస్టర్లు కారు. ఒకసారి లోపలికి వెళితే మళ్లీ బయటికి రారు. ప్రార్థన, తోటపని, చర్చి పూజలో పంచే పలచని అప్పాలు కాల్చడం, మిగతాదంతా మౌనం. “అంతసేపు దేవుణ్ణి ఏమడుగుతారండీ?” అని ఒకసారి మదర్ గారిని అడిగాను.

“అడిగేది తొందరగానే అయిపోతుందమ్మా. వినడానికే టైము చాలదు.”

ఉక్కు ఫ్యాక్టరీకి భూములు తీసుకుంటున్న రోజుల్లో ఒక వేసవి ఊళ్లో బావులన్నీ ఎండాయి. మఠం గోడ లోపలి బావిలో మాత్రం నీళ్లున్నాయి. చంటిపిల్లల తల్లులు బిందెలతో గేటు ముందు చేరారు. మా ఎదురింటామె నోరు పెద్దది. నన్ను వెంటబెట్టుకుని తెర ముందుకు వెళ్లి అరిచింది.

“ఏటమ్మా, గేటు తీత్తే మీ దేముడు పారిపోతాడేటి? పిల్లల నాలికలు పిడసగట్టుకు పోతన్నాయి!”

తెర వెనక నుంచి మదర్ గారి మాట వచ్చింది.

“గేటు తియ్యడానికి మా నియమం ఒప్పదమ్మా. గోడకి కంత పెట్టొద్దని మాత్రం అందులో ఎక్కడా లేదు.”

సాయంత్రానికల్లా గోడకు కంత పడింది. అందులోంచి రేకు గొట్టం బయటికి వచ్చింది. లోపల సిస్టర్లు తోడి పోసేవారు, ఇవతల బిందెలు నిండేవి. మౌనం వేళ పిలిస్తే పలకరు. బిందె నిండగానే రేకు మీద గాజుతో తడితే నీళ్లు ఆగేవి. తోడేది ఎవరో తెలియదు, గిలక చప్పుడొక్కటే వినిపించేది. తొలకరి దాకా అది ఆగలేదు. ఆ వేసవి వాళ్ల కూరగాయల మడులు నిలువునా ఎండిపోయాయని తరువాత పూజకు వచ్చే ఫాదర్ గారు చెబితే తెలిసింది.

కృతజ్ఞత చెప్పబోతే మదర్ గారు నవ్వారు. “నీళ్లు మావా అమ్మా? బావి మా వైపు పడింది, అంతే.”

నిన్న ఖాళీ శవపేటికను లోపలికి తేవడానికి గేటు తెరిచారు. అది అలాగే బార్లా ఉండిపోయింది. పిల్లలు లోపలికి ఉరకబోయారు, వాళ్లలో నా మనవలూ ఉన్నారు. నేను మందలించేలోపే ఎదురింటామె చెప్పులు విప్పి అడ్డంగా నిలబడింది.

“ఆగండర్రా. మదరమ్మ మనకి తీసిన తలుపు కాదిది.”

లోపల జీడిమామిడి చెట్ల మధ్య సిస్టర్లే పెట్టెను భుజాల మీద మోసుకుంటూ మఠం సమాధుల వైపు నెమ్మదిగా వెళ్లారు. ముసుగులు ఒక్కొక్కటే చెట్ల చాటుకు పోయాయి. తెరిచిన గేటు ముందు, ఎండలో, ఊరంతా కదలకుండా నిలబడింది.