పూండి తోటలో తెల్ల పూల మేత

చలికాలం. పొద్దున్న ఏడింటికి రావలసిన పాసింజరు గంట ఆలస్యం. ఆమదాలవలస ప్లాట్‌ఫారం మీద కాలుగాలిన పిల్లిలా తిరిగాను. పూండి దగ్గర ఊళ్ళో మా అత్త ఆవుకు రెండు రోజులుగా ముక్కులోంచి రక్తం కారుతోంది. ఇవాళో రేపో ఈనాలి. “కొబ్బరితోటలో కొత్త మొక్కేదో మొలిసింది, అదే ఇసమంటన్నారు. ఒచ్చి సూడమ్మీ” అని ఫోన్ చేసింది. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను.

టిక్కెట్టు దొరికింది, సీటూ దొరికింది, కూర్చోబుద్ధి కాలేదు. నౌపడలో ఉప్పుమళ్ళ పనికి దిగే ఆవిడ నవ్వింది. “ఏటమ్మా ఆ తిరుగుడు? నువ్వు తోత్తే బండి జోరుగా ఎల్తదేటి?”

పూండిలో దిగి టిఫినైనా తినకుండా ఆటో ఎక్కాను. మీరు వెళితే తినే వెళ్ళండి, ఆ తర్వాత అన్నీ జీడితోటలే.

అత్త తోటలో మొక్క మోకాలెత్తు ఉంది. మూడేసి ఆకులు, నడిమి ఆకుకు కాస్త పొడుగు కాడ, సన్నటి కంకికి చిన్న చిన్న తెల్ల పూలు. నలిపితే తియ్యటి వాసన. తెల్ల మెలిలోటస్, క్లోవర్ అనే పశుగ్రాసానికి దగ్గరి చుట్టం. మన నేలది కాదు. మేత విత్తనాల్లో కలిసొచ్చి, తవ్విన గట్ల మీద పాకినట్టుంది. పచ్చిగా తింటే విషమేమీ కాదు. పక్కింటి ఆవులు దాన్నే మేసి నిక్షేపంగా ఉన్నాయి.

“మరి నీ ఆవుకు వేరే ఏం పెట్టావత్తా?”

“సూడావు కదమ్మీ. ఎండితే మంచి వాసనొత్తందని కోసి, దానికొక్కదానికే దాసినాను.”

పశువుల శాలలో కొబ్బరి మట్టల కింద ఆ మోపు ఉంది. మంచుకు తడిసి లోపలంతా బూజు. బూజు పట్టిన ఈ మేత తింటే రక్తం గడ్డకట్టదు. ఆ మాట చెప్పాను. అత్త కొడుకు, మా బావ, స్కూటరు మీద పలాస వెళ్ళి పశువుల డాక్టరును తెచ్చాడు. ఆయన సూదిమందు వేసి, ఈనేదాకా ఏమీ చెప్పలేనన్నాడు.

“నా సేత్తో నానే పెట్టీసినానేటమ్మీ?” అంది అత్త.

మూడింటికి ఈనింది. దూడ బతికింది, తల్లికి రక్తం కారడమూ తగ్గుముఖం పట్టింది. కానీ ఆవు మేతకు మెడ చాస్తే అత్త చేతులు కొంగులో దాచుకుని వెనక్కి తగ్గింది. “నువ్వే పెట్టరా, నాకు బయమేత్తంది” అంది బావతో. వాడు పెడితే ఆవు ముట్టలేదు.

నాకు సాయంత్రం బండి ఉంది. సంచి భుజాన వేసుకుని కూడా కదల్లేకపోయాను. పచ్చగడ్డి పరకా పరకా వాసన చూసి అత్త చేతికిస్తూ కూర్చున్నాను. చీకటి పడ్డాక అత్త ఒక పరక ఆవు నోటికందించింది. అప్పటికి బండి వెళ్ళిపోయింది.

మొక్క పేరు చెప్పడానికి నిమిషం పట్టలేదు. మర్నాటి బండిలో తిరిగొస్తుంటే, ఆ ఒక్క పరక అందించిన అత్త చెయ్యే కళ్ళముందు ఆడింది.