పుదీనా మడికి పారిన నీళ్లు

రాయదుర్గంలో మా ఆఫీసు బాత్రూములో చేతులు కడుక్కునే సబ్బుకి పుదీనా వాసన. ఫినాయిలు, తడి గోడ, వాటి మీద పుదీనా, మూడూ కలిసి ముక్కుకు తగిలితే, తొంభైల చివర్లో హఫీజ్‌పేట్‌లో మేం అద్దెకున్న ఇంటి వెనకాల తోట గుర్తొస్తుంది.

ఇంటి యజమానురాలు యాదమ్మ గోడ అవతలే ఉండేది. ఖాళీగా పడున్న స్థలమంతా వాడుకోమంది. గోదావరి వైపు నుంచి వచ్చిన మా అమ్మ అందులో కరివేప, దాని నీడన కొత్తిమీర, మెంతి, వాము, గోడ పొడుగునా పుదీనా వేసింది. దగ్గొస్తే వామాకు నమిలించేది. వాన పడితే రోట్లో పుదీనా, చింతపండు, వేయించిన నువ్వులు నూరుతుంటే వీధి గుమ్మం దాకా ఘాటు వచ్చేది. ఆకు నింపి గోడ మీద పెట్టిన బుట్ట యాదమ్మ చేసిన సకినాలతోనో, సర్వపిండితోనో తిరిగొచ్చేది.

ఒక ఎండాకాలం బోరు అడుగంటింది. అప్పటికే ఎగువన కొత్త అపార్ట్‌మెంటు లేచి, దాని నీళ్లు మా తోట పక్కనుంచే కాలువగా పోతున్నాయి. ప్రభుత్వ ఇంజనీరైన నాన్న వాలు కొలిచి, పుదీనా మడికి పిల్లకాలువ తవ్వాడు. మా ఊళ్లో స్నానాల నీళ్లన్నీ పాదులకే పోయేవి, ఇవీ అవేననుకున్నాడు. పుదీనా నల్లగా నిగనిగలాడుతూ, నా అరచేతిలో సగమంత ఆకులు వేసింది. వచ్చినవాళ్లంతా మెచ్చుకుని కోసుకెళ్లారు.

బోనాలకు యాదమ్మ ఇంటికి చుట్టాలు వస్తున్నారని అమ్మ ముందురోజే బుట్టెడు పుదీనా పంపింది. తెల్లారి పెద్ద వాన. కాలువ పొంగి మడిలోకి ఎక్కింది. అమ్మ వెనకే నేనూ వెళ్లాను. మొక్కల మొదళ్లకు తగులుకుని మలం తేలుతోంది, దాని చుట్టూ తెల్లని పురుగులు.

నాన్న వచ్చి చూశాడు. "స్నానాలవీ, లెట్రిన్లవీ, అన్ని గొట్టాలూ ఒక్కదాంట్లోనే కలిపేశారు," అన్నాడు. తర్వాత, "కడిగితే పోతుందిలే. పండగపూట ఆవిడకు చెప్పకు."

"మీరు తింటారా అండి?" అంది అమ్మ.

రెండు నెలలుగా తింటున్నాం. నేను తోటలోనే వాంతి చేసుకున్నాను.

అమ్మ తడి చీరతోనే గోడ దగ్గరికి వెళ్లి యాదమ్మను పిలిచి, చూసింది చూసినట్టు చెప్పింది. అవతల పెద్ద గిన్నెలో మాంసానికి పుదీనా, కొత్తిమీర పట్టించి పెట్టి ఉంది.

"ఏంది చెల్లె, పండుగపూట గిట్ల జేస్తివి," అంది యాదమ్మ. "గింత సదివిన మీ సారుకు మోరీ నీళ్లు ఎర్కలేదా? ఆకు గాదు, కూరంత బొందల వడ్డది."

మాంసమంతా ఆమె పెరట్లో గుంట తీసి పూడ్పించింది. చుట్టాలకు పప్పు వండింది. అమ్మ మధ్యాహ్నానికల్లా మడి మొత్తం వేళ్లతో సహా పీకి కాల్చింది. ఆ తడి పొగకు రెండిళ్లవాళ్లమూ తలుపులు వేసుకున్నాం. గోడ మీదికి మళ్లీ బుట్ట రాలేదు.

ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లే. కాలువ మీద సిమెంటు పలకలు పరిచారు, వాన వస్తే వాటి సందుల్లోంచి అదే కంపు. కూకట్‌పల్లి ఫ్లాట్లో అమ్మకు బాల్కనీ ఉంది, కుండీ ఒక్కటీ లేదు. హోటల్లో పచ్చ చట్నీ తెస్తే గిన్నెను వేలితో టేబులు చివరికి జరిపి, ఈ ఆకు ఎక్కడిదని సర్వర్‌ను అడుగుతుంది. మార్కెట్‌దని అతను చెబుతాడు. అమ్మ తల ఊపి, ఉత్త ఇడ్లీ తింటుంది.