లెక్క సరిపోయిన మంద

మేనత్త గొర్రెలను అమ్మించి నేను తమ్ముడి ఇంట్లో చేరబోతున్నానని కల్వకుర్తిలో చెప్పుకుంటున్నారట. ముందు ఆ మాట సరిదిద్దాలి. పది రోజుల క్రితం మా మేనత్త పోయింది. ఆమె ఇంటి దొడ్డిలో కొన్ని గొర్రెలు మిగిలాయి. అంతవరకే నిజం.

పందొమ్మిది వందల అరవై ప్రాంతంలో, నా పదేళ్ల వయసులో, నేను ఎవరిలా కావాలనుకున్నానంటే ఇద్దరే. ఒకరు మేనత్త. చిన్నతనంలోనే భర్త పోతే, అన్నల మందలో కలవకుండా తన గొర్రెల చెవులకు గుర్తుగా వేరే గాటు పెట్టించుకున్న మనిషి. రెండోది ఆమె ఉన్ని వడుకుతూ చెప్పిన కథలోని పిల్ల. ఆ పిల్ల ఒంటరిగా మందను కృష్ణ దాటిస్తుంది. చిరుత ఎదురైతే గొంగడిని రెండు చేతులతో పైకెత్తి నిలబడుతుంది. చిరుతే వెనుదిరుగుతుంది. నేను మా బాపు గొంగడి ఎత్తిపట్టుకుని మేకపిల్లలను బెదిరించేదాన్ని.

ఒక ఎండాకాలం సెలవుల్లో మేనత్త తన మందను దొడ్డికి తోలే పని నాకు అప్పగించింది. తడిక దగ్గర నిలబడి లెక్కపెట్టాను. పొద్దున నలభై రెండు, సాయంత్రం నలభై రెండు. గర్వంగా చెప్పాను. ఆమె ఒక్కసారి చూసింది.

"కుంటిది ఏది?"

"లెక్క సరిగ్గనే ఉన్నదత్తా."

"మరి గీ బొల్లిమొకంది ఎవలది? పక్క మందది మనట్ల దూరింది, మనది ఆడనే పడ్డది. బళ్లె మంచిగనే నేర్చినవ్! లెక్క జూసినవ్ గని మొకం జూడలే, బిడ్డా."

వాగు దాకా వెళ్లి కుంటి గొర్రెను మెడ మీద వేసుకొచ్చింది. కథలోని పిల్ల నువ్వేనా అని అడిగాను. నవ్వింది.

"నేనెక్కడ? ఒక్కదాన్నే పోతుంటే గుండె దడదడ కొట్టుకుంటుండె. ధైర్యానికి గా పిల్లను తయారుజేసుకున్న."

నన్ను కాలేజీకి పంపనన్న బాపుతో దెబ్బలాడింది కూడా ఆమే. "అన్నా, గిది ఒక్కతే పోతది. నువ్వు జర పక్కకు జరుగు."

పోయాను. ఒక్కదాన్నే బతికాను. ఉద్యోగం ముగిశాక పాలమూరులో కిరాయి ఇంట్లో ఉంటూ నెలకోసారి ఆమెను చూసి వచ్చేదాన్ని. వెళ్లగానే ఆమె మాత్రల పట్టీ తీసి లెక్కపెట్టేదాన్ని. వేసుకున్నవి, మిగిలినవి ఎప్పుడూ సరిపోయేవి. కడపటిసారి లేవబోతుంటే చేయి పట్టుకుంది.

"జర కూసో, బిడ్డా."

బస్సు వేళైందన్నాను.

"అయితే పో. నాకేం ఫికర్ లేదు."

నాలుగో రోజు పక్కింటివాళ్లు ఫోన్ చేశారు. తలుపు తీసేసరికే పోయిందట. ఫికర్ లేదు అన్నప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో గుర్తు తెచ్చుకోవాలని పది రోజులుగా ప్రయత్నిస్తున్నాను. రావడం లేదు. పట్టీలో మిగిలిన ఆరు మాత్రలు మాత్రం కనిపిస్తున్నాయి. డెబ్బై దాటిన నాకు, ధైర్యానికి ఏ పిల్లనూ తయారుచేసుకోవడం చేతకావడం లేదు.

ఎవరినీ అడగకుండానే పాలమూరు ఇల్లు ఖాళీ చేశాను. గొర్రెల బేరగాడిని నిన్న వాకిట్లోంచే పంపేశాను. ఇక ఇక్కడే, మేనత్త ఇంట్లోనే ఉంటాను. ఈ పొద్దున తడిక తీసి, లెక్కపెట్టకుండా ఒక్కొక్కదాని ముఖం చూస్తూ నిలబడ్డాను. దారి తెరిచి ఉన్నా ఒక్కటీ కదలలేదు. అన్నీ నా భుజం మీదుగా వెనక్కి, ఆమె గుమ్మం వైపే చూస్తున్నాయి.